147573952589676412927: కారణాంకాల వేట డైరీ

147573952589676412927 అనే 21 అంకెల సంఖ్య 2⁶⁷ − 1కి సమానం. సొంతంగా రాసుకున్న కోడ్‌తో దీన్ని విడదీసి, దాని గుణాలను ఒక్కొక్కటిగా నిర్ధారించుకున్న క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. దీని కారణాంకాలను ఫ్రాంక్ నెల్సన్ కోల్ 1903లోనే ప్రకటించారు కాబట్టి జవాబు కొత్తది కాదు. ఇదే పనికి పూనుకునేవారు నేను ఆగిపోయిన చోట్ల ఆగిపోకూడదనే ఉద్దేశంతో, సవ్యంగా సాగిన భాగాలను కుదించి, తప్పులకే ఎక్కువ చోటు ఇచ్చాను.

పెట్టుకున్న నియమాలు:

1. కారణాంకాలు తీసిపెట్టే తయారు లైబ్రరీలు వాడకూడదు. పైథాన్, కాగితం, పెన్సిలు చాలు.
2. ప్రతి కోడ్‌ను ముందుగా జవాబు తెలిసిన చిన్న సంఖ్యపై నడపాలి.
3. కొలత సెకన్లలో ఉండకూడదు. సెకన్లు యంత్రాన్ని బట్టి మారతాయి, భాగహారాల సంఖ్య, వర్గం చేసిన సార్ల సంఖ్య మారవు.

రాతలో సౌలభ్యం కోసం అసలు సంఖ్యను ‘మ’ అనీ, దాని కారణాంకాల్లో చిన్నదాన్ని ‘చ’ అనీ, పెద్దదాన్ని ‘ప’ అనీ పిలుస్తాను.

దశ 1: సంఖ్యను సరిగ్గా రాసుకోవడం

మొదటి ప్రయత్నం స్ప్రెడ్‌షీట్‌లో చేశాను. అది 147573952589676000000 అని చూపించింది. స్ప్రెడ్‌షీట్ 15 అంకెల వరకే నిలుపుకొని మిగతా చోట్ల సున్నాలు నింపుతుంది కాబట్టి, ఆ గడిలో ఉన్నది నేను అనుకున్న సంఖ్య కానేకాదు. పైథాన్‌లోనే దీన్ని ఫ్లోటింగ్ పాయింట్ సంఖ్యగా (పరిమితమైన అంకెలనే నిలుపుకొనే దశాంశ రూపంలోకి) మార్చి చూస్తే 147573952589676412928 వచ్చింది. ఒక్కటే తేడా అయినా ఆ ఒక్కటితోనే బేసి సంఖ్య సరి సంఖ్య అయిపోయింది, అంటే 2⁶⁷ అయి కూర్చుంది. పూర్ణాంకంగానే ఉంచినప్పుడు పైథాన్ అన్ని అంకెలనూ తప్పు లేకుండా నిలుపుతుంది.

అక్కడి నుంచి కాగితం మీదికి ఎక్కించేటప్పుడు 412 అనే గుంపును 421 అని రాశాను. అంకెల మొత్తం 109, దాన్ని 9తో భాగిస్తే శేషం 1, 2⁶⁷ − 1ని 9తో భాగించినా శేషం 1, కాబట్టి అంతా సరిగ్గానే ఉందనుకున్నాను. అంకెలు తారుమారైనా వాటి మొత్తం మారదన్న సంగతి తర్వాత గానీ తట్టలేదు. తప్పును పట్టించినది ఈ పద్ధతి:

1. కుడి నుంచి మూడేసి అంకెల గుంపులు చేయాలి: 927, 412, 676, 589, 952, 573, 147.
2. ఒక దాన్ని కూడుతూ తర్వాతి దాన్ని తీసివేస్తూ పోవాలి. మొత్తం 1128 వస్తుంది. అందులోంచి 1001 తీసేస్తే 127 మిగులుతుంది.
3. 1001 = 7 × 11 × 13 కాబట్టి, 127ను ఈ మూడింటితో భాగిస్తే వచ్చే శేషాలు 1, 6, 10 అసలు సంఖ్యకూ శేషాలే.
4. వేరే దారిలో సరిచూడాలి. 2 ఘాతాల శేషాలు 7 దగ్గర 3 అడుగులకు, 11 దగ్గర 10 అడుగులకు, 13 దగ్గర 12 అడుగులకు మళ్లీ మొదలవుతాయి. ఆ లెక్కన 2⁶⁷ శేషాలు 2, 7, 11. ఒక్కొక్కటి తగ్గిస్తే 1, 6, 10.

421 ఉన్న నకలుపై ఇదే చేస్తే 118 వచ్చింది, శేషాలు 6, 8, 1 అయ్యాయి. మూడింట్లో ఒక్కటీ కలవలేదు. ఈ పరీక్షకు కూడా ఒక గుడ్డి చోటు ఉంది: ఒకటి విడిచి ఒకటిగా ఉన్న రెండు గుంపులు పూర్తిగా స్థానాలు మార్చుకుంటే అది పసిగట్టలేదు. అయినా చేత్తో ఎక్కించేటప్పుడు జరిగే మామూలు పొరపాట్లకు ఇది సరిపోతుంది.

ఇప్పటివరకు మొత్తం: భాగహారాలు 0, వర్గాలు 0.

దశ 2: చిన్న ప్రధాన సంఖ్యలతో భాగించడం

ఇక్కడ రెండో నియమాన్ని పక్కన పెట్టాను, దాని ఫలితం వెంటనే కనిపించింది. భాగలబ్ధం పూర్ణాంకమైతే కారణాంకం దొరికినట్టే అనుకొని, `/` గుర్తుతో భాగించి, వచ్చిన విలువ దాని పూర్ణాంక భాగంతో సమానమా అని అడిగాను. 2 నుంచి 100 వరకు నడిపితే 99 వరుసలు వచ్చాయి, ప్రతి సంఖ్యా మను భాగిస్తుందని. 7తో అంతమయ్యే సంఖ్యను 2 భాగిస్తుందని కూడా మొదటి వరుసలోనే ఉంది.

కారణం ఇది. `/` గుర్తు ఫ్లోటింగ్ పాయింట్ విలువను ఇస్తుంది. ఆ అమరికలో 2⁵² దాటిన విలువలకు దశాంశ భాగం ఉండే చోటే లేదు, కాబట్టి అంత పెద్ద భాగలబ్ధం ఏదైనా పూర్ణాంకంగానే కనిపిస్తుంది. మ విలువ 2⁶⁷ చుట్టూ ఉంది కనుక 2¹⁵ వరకు, అంటే 32,768 వరకు, ఏ సంఖ్యతో భాగించినా ఇదే అబద్ధం వస్తుంది. `/` బదులు శేషాన్ని ఇచ్చే `%` పెట్టాను. అప్పుడు 10,000 లోపు ఉన్న 1,229 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటీ మను భాగించలేదు.

ఇప్పటివరకు మొత్తం: భాగహారాలు 1,229, వర్గాలు 0.

దశ 3: ప్రధానమా, సంయుక్తమా

కారణాంకాలు వెతికే ముందు అసలు అవి ఉన్నాయో లేదో తేల్చుకోవాలి. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, మ ప్రధాన సంఖ్య అయితే 2ను (మ − 1) ఘాతానికి హెచ్చించి మతో భాగించినప్పుడు శేషం 1 రావాలి. పదే పదే వర్గం చేస్తూ పోతే 66 వర్గాల్లో జవాబు వస్తుంది. వచ్చిన శేషం 1.

ఆ రోజు మ ప్రధానమని డైరీలో రాసుకున్నాను. 2 ఘాతంలోంచి 1 తీసివేస్తే ప్రధానం వచ్చే ఘాతాంకాలంటూ 1644లో మరీన్ మెర్సెన్ ఇచ్చిన జాబితాలో 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 ఉన్నాయి, అందులో 67 ఉండడం నా నమ్మకాన్ని పెంచింది. ఆ జాబితాలో 67, 257 తప్పుగా చేరాయనీ, 61, 89, 107 తప్పుగా జారిపోయాయనీ ఇప్పుడు అందరికీ తెలుసు.

మర్నాడు రెండో నియమం గుర్తుకు వచ్చి, అదే కోడ్‌ను 2¹¹ − 1 = 2047 మీద నడిపాను. 2047 = 23 × 89. అయినా శేషం 1 వచ్చింది. కోడ్‌లో తప్పు కోసం గంటల తరబడి వెతికాను. కోడ్ సరైనదే, తప్పు నేను ఎంచుకున్న భూమిలో, అంటే ఘాతానికి హెచ్చించిన 2లో ఉంది. 2⁶⁷ విలువ మ + 1 కాబట్టి, మతో భాగించే లోకంలో 2 ఘాతాలు 67 అడుగులకు ఒకసారి 1 దగ్గరికి తిరిగి వస్తాయి. మ − 1 = 2⁶⁷ − 2. 67 ప్రధాన సంఖ్య కనుక అదే ఫెర్మా సిద్ధాంతం ప్రకారం 2⁶⁷ − 2ను 67 భాగిస్తుంది. అంటే ఘాతాంకం 67 గుణిజమే, శేషం 1 రాక తప్పదు. ఘాతాంకం ప్రధానమైతే చాలు, ఈ రూపంలోని సంఖ్యలన్నీ, సంయుక్తమైనా సరే, భూమి 2 దగ్గర ప్రధానాల్లాగే కనిపిస్తాయి. మరింత కఠినమైన మిల్లర్-రాబిన్ పరీక్ష కూడా భూమి 2తో చేస్తే ఇక్కడ ఇలాగే మోసపోతుంది.

భూమిని 3కు మార్చాను. శేషం 1 కాలేదు. మ సంయుక్త సంఖ్య.

ఇప్పటివరకు మొత్తం: భాగహారాలు 1,229, వర్గాలు 132.

దశ 4: లూకాస్-లెమర్ పరీక్షతో రెండో సాక్ష్యం

మ సంయుక్తమని 1876లో ఎడ్వార్డ్ లూకాస్ కారణాంకాలు తెలియకుండానే నిరూపించారు. ఆ ఆలోచనకు డెరిక్ హెన్రీ లెమర్ 1930లో ఇచ్చిన సరళ రూపాన్నే వాడాను. 4తో మొదలుపెట్టి, ప్రతిసారీ వర్గం చేసి, 2 తీసివేసి, మతో భాగించిన శేషాన్ని ఉంచుకోవాలి. చివరికి 0 వస్తే ప్రధానం, రాకపోతే సంయుక్తం.

ఈసారి ముందుగానే 2⁷ − 1 = 127 మీద నడిపాను. 127 ప్రధానమే అయినా కోడ్ సంయుక్తం అంది, చివరి విలువ 2. పెన్సిలుతో వేసుకుంటే విలువలు ఇలా వచ్చాయి: 4, 14, 67, 42, 111, 0. ఐదో వర్గానికే 0 వచ్చేసింది. నా లూప్ మాత్రం ఏడుసార్లు తిరిగింది, 0 తర్వాత −2, ఆపైన 2 వచ్చాయి. ఘాతాంకం ఎంతో అన్నిసార్లు కాకుండా, దానికి రెండు తక్కువ సార్లు తిరగాలి. దిద్దాక 127 దగ్గర 0 వచ్చింది, 2047 దగ్గర 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736 వచ్చాయి. చివరిది 0 కాదు కాబట్టి అది సంయుక్తం. ఈ వరుసను చేత్తో కూడా వేసి పోల్చుకోవాలని సలహా ఇస్తాను, పది నిమిషాల పని.

మ మీద 65 వర్గాలు చేశాక సున్నా రాలేదు. దశ 3లో భూమి 3 చెప్పినదే మళ్లీ రుజువైంది.

ఇప్పటివరకు మొత్తం: భాగహారాలు 1,229, వర్గాలు 197.

దశ 5: రెండు వర్గాల భేదం, మధ్యలో ఆపేసిన దారి

మను రెండు వర్గాల భేదంగా రాయగలిగితే అది వెంటనే విడిపోతుంది. మ వర్గమూలానికి పై పూర్ణాంకం 12148002000 నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కటి పెంచుతూ, దాని వర్గంలోంచి మను తీసివేస్తే మిగిలేది పూర్ణవర్గమా అని చూస్తూ పోయాను. కోటి అడుగులు వేసినా ఏమీ దొరకలేదు, ఆపేశాను.

ఆపడం సరైనదేనని కారణాంకాలు దొరికాక తెలిసింది. ఈ పద్ధతి రెండు కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉన్నప్పుడే త్వరగా ఫలిస్తుంది. ఇక్కడ ప అనేది చకు దాదాపు నాలుగు వేల రెట్లు. చేరాల్సిన చోటు రెండింటి సగటు, 381015982504. అక్కడికి 36,886 కోట్ల 79 లక్షల అడుగులకు పైగా పడతాయి.

అయితే ఈ దారిని అలాగే వదిలేయలేదు, ఎందుకంటే ఇక్కడే మ నిర్మాణం గురించి చాలా ఉపయోగపడే విషయం బయటపడింది. మను భాగించే ఏ ప్రధాన సంఖ్య దగ్గరైనా 2⁶⁷ శేషం 1. 67 ప్రధానం కాబట్టి 2 తిరిగి 1కి చేరడానికి పట్టే కనీస అడుగులు సరిగ్గా 67, ఆ 67 ఆ ప్రధానానికి ఒకటి తక్కువైన సంఖ్యను భాగించి తీరాలి. ఆ ప్రధానం బేసి కనుక 134 కూడా భాగిస్తుంది. కాబట్టి ప్రతి కారణాంకమూ 134క + 1 రూపంలోనే ఉంటుంది (క ఏదో ఒక పూర్ణాంకం). రెండో షరతు: (2³⁴)² = 2⁶⁸, దాని శేషం 2, కాబట్టి ఆ ప్రధానం దగ్గర 2 ఒక వర్గం శేషం. అలాంటి ప్రధానాలు 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగులుస్తాయి.

మను 8తో భాగిస్తే శేషం 7. కాబట్టి రెండు కారణాంకాల్లో ఒకటి 1ని, మరొకటి 7ని మిగులుస్తాయి, వాటి సగటు 4తో నిశ్శేషంగా భాగింపబడుతుంది. రెండు కారణాంకాలూ 67 దగ్గర 1ని మిగులుస్తాయి కనుక, సగటును 67² = 4489తో భాగిస్తే 2⁶⁶ ఎంత మిగులుస్తుందో అంతే మిగలాలి. అది 671. రెండు షరతులూ కలిపితే సగటును 17956తో భాగించినప్పుడు 5160 మిగలాలి. 17956 చొప్పున గెంతితే 36,886 కోట్ల అడుగులు 2 కోట్ల 5 లక్షల చిల్లరకు దిగివస్తాయి. అప్పుడు అది చేయదగిన పనే. నేను మాత్రం అప్పటికే తర్వాతి దశకు వెళ్లిపోయాను.

ఇప్పటివరకు మొత్తం: భాగహారాలు 1,229, వర్గాలు 197, వర్గమూల పరీక్షలు 1,00,00,000.

దశ 6: పొలార్డ్ పద్ధతి, రెండు వైఫల్యాలు

జాన్ పొలార్డ్ 1974లో ప్రచురించిన ఈ పద్ధతి ఆలోచన సూటిగా ఉంటుంది. చ − 1లోని ప్రధాన కారణాంకాలన్నీ ఒక పరిమితిలోపు ఉంటే, ఆ పరిమితిలోపు ప్రధానాలను వాటి ఘాతాలతో సహా గుణించి ఒక పెద్ద ఘాతాంకం తయారుచేయాలి. ఏదైనా భూమిని ఆ ఘాతానికి హెచ్చించి 1 తీసివేస్తే వచ్చేది చకు గుణిజమవుతుంది. దానికీ మకూ గ.సా.భా. తీస్తే చ బయటపడుతుంది.

మొదటి వైఫల్యం. పరిమితి 1,000, భూమి 2. గ.సా.భా. మే వచ్చింది, అంటే ఏమీ తెలియలేదు. ఒక్కో ప్రధానాన్ని చేర్చాక మధ్యలో వచ్చే విలువను ద్విమాన రూపంలో ముద్రించి చూశాను. ప్రతి వరుసలోనూ ఒకే ఒక 1, దాని వెనక సున్నాలు. ఆ 1 వరుస వరుసకూ పక్కకు జరుగుతోంది తప్ప రెండో 1 ఎక్కడా పుట్టలేదు. పంతొమ్మిదో ప్రధానమైన 67 చేరగానే విలువ 1 అయిపోయింది, ఆ తర్వాత కదల్లేదు. ద్విమాన రూపంలో మ అంటే వరుసగా 67 ఒకట్లు. దాన్ని మించిన 2 ఘాతం ఏదైనా చుట్టు తిరిగి మళ్లీ ఇంకో 2 ఘాతంగానే మారుతుంది. దశ 3లో నన్ను తప్పుదారి పట్టించిన గుణమే ఇక్కడ వేరే వేషంలో వచ్చింది, నేను దాన్ని ముందే ఊహించి ఉండాల్సింది. 2తో కట్టిన సంఖ్యను 2తోనే తడిమి చూస్తే అందులోని అతుకు చేతికి తగలదు.

భూమి 3, పరిమితి 1,000: గ.సా.భా. 1. ఇది వైఫల్యం కాదు, పరిమితి చాలలేదని అర్థం.

రెండో వైఫల్యం. భూమి 3, పరిమితి 10,000. మళ్లీ గ.సా.భా. మే. భూమి మార్చాక కూడా ఇలా రావడంతో కోడ్‌లో ఇంకా ఎక్కడో 2 మిగిలిపోయిందని అనుమానించి రెండు రోజులు వృథా చేశాను. అసలు కారణం వేరు: పరిమితి మరీ ఎక్కువైంది. చ − 1 మాత్రమే కాకుండా ప − 1 కూడా 10,000 లోపు ప్రధానాలతోనే ఏర్పడింది. అందుకే రెండు కారణాంకాలూ ఒకేసారి గ.సా.భా.లో పడి, రెండూ కలిసి మగానే తిరిగి వచ్చాయి. చిన్న పరిమితికి ఏదీ చిక్కదు, పెద్ద పరిమితికి రెండూ చిక్కుతాయి.

చేసిన మార్పు:

1. పరిమితి 10,000 అలాగే ఉంచాను.
2. ప్రతి 100 ప్రధానాలకు ఒకసారి ఆగి గ.సా.భా. చూడమన్నాను.
3. గ.సా.భా. 1 అయితే ముందుకు, 1కీ మకూ మధ్య ఏదైనా వస్తే ఆగాలి, మ వస్తే ఆ చివరి 100 ప్రధానాలను ఒక్కొక్కటిగా మళ్లీ చేయాలి.

100, 200, 300 దగ్గర 1 వచ్చింది. నాలుగు వందో ప్రధానం 2741 దగ్గర గ.సా.భా. 193707721. భాగిస్తే 761838257287.

తర్వాత విడదీసి చూస్తే:

చ − 1 = 2³ × 3³ × 5 × 67 × 2677
ప − 1 = 2 × 3² × 29 × 67 × 2551 × 8539

2677 నుంచి 8538 వరకు ఉన్న పరిమితి ఏదైనా చను మాత్రమే పట్టి ఇస్తుంది. 2677 వరుసలో 388వ ప్రధానం, అందుకే 400 దగ్గరి తనిఖీలో అది దొరికింది.

ఇప్పటివరకు మొత్తం: భాగహారాలు 1,230. వర్గాలు సుమారు 21,400. ఇందులో రెండు విఫల పరుగులకే దాదాపు 15,800 పోయాయి, ఫలించిన పరుగుకు 4,000 చాలాయి.

దశ 7: లబ్ధాన్ని, ప్రధానత్వాన్ని నిర్ధారించడం

యంత్రం చెప్పిన లబ్ధాన్ని కాగితం మీద దశ 1 పద్ధతితోనే సరిచూశాను.

1. చ గుంపులు: 721 − 707 + 193 = 207.
2. ప గుంపులు: 287 − 257 + 838 − 761 = 107.
3. 207 × 107 = 22149. అందులో 22 × 1001 = 22022 పోతే 127.

దశ 1లో మ దగ్గర మిగిలినదీ 127. చివరి మూడంకెలకు 721 × 287 = 206927, మ కూడా 927తోనే ముగుస్తుంది. ఆ రెండు 127లు ఒకే కాగితం మీద పక్కపక్కన కనిపించిన క్షణం ఈ పని మొత్తంలో నాకు అత్యంత సంతృప్తినిచ్చింది.

చ, ప ఇంకా విడిపోవని ఎలా తెలుస్తుంది? చను భాగించే ప్రధానం మను కూడా భాగిస్తుంది, కాబట్టి అదీ 134క + 1 రూపంలో ఉండాలి, 8 దగ్గర 1 లేదా 7 మిగల్చాలి. రెండో షరతు వల్ల కను 4తో భాగిస్తే 0 గానీ 1 గానీ మిగలాలి. చ వర్గమూలం 13,918 లోపు, కాబట్టి క 103 దాటదు. పరీక్షించాల్సినవి 51 మాత్రమే. ప వర్గమూలం 8,72,833 చిల్లర, క 6,513 దాటదు, పరీక్షించాల్సినవి 3,257. మొత్తం 3,308 భాగహారాలు, దేనిలోనూ శేషం సున్నా కాలేదు. రెండూ ప్రధానాలే.

ఈ జల్లెడ విలువ తెలియాలంటే, పొలార్డ్ పద్ధతి లేకుండా భాగహారాలతోనే చ దాకా వెళ్తే ఎంత పని పడేదో చూడాలి:

1. అన్ని బేసి సంఖ్యలతో: 9,68,53,860.
2. 134క + 1 రూపంతో: 14,45,580.
3. 8 షరతు కూడా కలిపితే: 7,22,790.
4. 3, 5, 7 గుణిజాలను కూడా తీసేస్తే: సుమారు 3,30,400.

ఇప్పటివరకు మొత్తం: భాగహారాలు 4,538.

దశ 8: మ గుణాలు

కారణాంకాలు చేతికొచ్చాక మిగతాది కూడికలు, గుణకారాలే.

భాజకాలు నాలుగు: 1, చ, ప, మ. వాటి మొత్తం 147573953351708377936. మ కంటే చిన్నవై, మతో ఉమ్మడి కారణాంకం లేని సంఖ్యలు 147573951827644447920. మతో ఉమ్మడి కారణాంకం లేని ఏ భూమినైనా 1 దగ్గరికి చేర్చే అతి చిన్న ఉమ్మడి ఘాతాంకం చ − 1, ప − 1ల క.సా.గు., 122366460885277320. దీన్ని 3, 5, 7 భూములపై నడిపి చూశాను, మూడింటికీ 1 వచ్చింది. మను 4తో భాగిస్తే 3 మిగులుతుంది కాబట్టి అది రెండు వర్గాల మొత్తం కాలేదు.

మ ప్రధానమై ఉంటే 2⁶⁶ × మ పరిపూర్ణ సంఖ్య అయ్యేది, తనను మినహాయించిన భాజకాల మొత్తం తనకే సమానమయ్యేది. ఇప్పుడు ఆ మొత్తం మించిపోతుంది. ఎంత మించుతుందో లెక్క వేస్తే సరిగ్గా మ × (చ + ప) వచ్చింది, అంటే మ × 762031965008. ఇంత పొందికైన తేడా వస్తుందని నేను ఎదురుచూడలేదు.

దశ 9: భూమి 2 ఎంత అరుదైన భూమి

దశ 3లో జరిగిన మోసం ఎంత అసాధారణమో కొలవడం ఒక్కటే మిగిలింది. ఫెర్మా పరీక్షలో మను ప్రధానంగా చూపించే భూముల సంఖ్యకు సూత్రం ఉంది: మ − 1, చ − 1ల గ.సా.భా.ను మ − 1, ప − 1ల గ.సా.భా.తో గుణించాలి.

1. మ − 1 = 2 × (2³³ − 1) × (2³³ + 1).
2. 2³³ − 1 = 7 × 23 × 89 × 599479.
3. 2³³ + 1 = 3² × 67 × 683 × 20857.
4. చ − 1తో ఉమ్మడిగా ఉన్నవి 2, 3², 67. గ.సా.భా. 1206.
5. ప − 1తో ఉమ్మడిగా ఉన్నవీ అవే. గ.సా.భా. 1206.

1206 × 1206 = 14,54,436. మ లోపు ఉన్న భూముల్లో ఇవి దాదాపు కోటి కోట్లకు ఒకటి చొప్పున ఉన్నాయి. వాటిలో 134 భూములు 2 ఘాతాలూ, మలోంచి 2 ఘాతాలను తీసివేస్తే వచ్చేవీ. భూమిని యాదృచ్ఛికంగా ఎంచుకొని ఉంటే మోసపోయే అవకాశం లేనట్టే. అందరూ అలవాటుగా మొదట పెట్టే 2 మాత్రం సరిగ్గా ఆ అరుదైన గుంపులోదే.

కోడ్‌లో చేసిన చివరి మార్పు రెండు వరుసలు. ఫెర్మా పరీక్షలోనూ పొలార్డ్ పద్ధతిలోనూ ముందుగా పెట్టి ఉంచిన భూమిని 2 నుంచి 3కు మార్చాను. ఇచ్చిన సంఖ్యకు ఒకటి కలిపితే 2 ఘాతం వచ్చే సందర్భంలో ఎవరైనా భూమి 2 ఇస్తే, లెక్క మొదలుపెట్టకుండా ఆగిపోయేలా ఒక తనిఖీ చేర్చాను. 2047 మీద ఆ తనిఖీని నడిపాను, ఆగింది.